నాన్నగారి కొత్త క్యాప్సూల్స్: వాడనివ్వాలా, ఆపాలా?

అమ్మా, ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. మీ నాన్నగారికి 64 ఏళ్లు. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై గాజువాకలో ఉంటున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ ఎప్పటినుంచో వాడుతున్నారు. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశాక కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, దాంతోపాటు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ కలిసిన బిళ్ల చేరాయి. నెలన్నర కిందట వాకింగ్‌లో పరిచయమైన ఒకాయన చెప్పాడని, కణాలు ముసలివి కాకుండా చూస్తుందన్న ఒక క్యాప్సూల్ మొదలుపెట్టారు. రోజుకు రెండు. నెలకు 4,200 రూపాయలు. లేబుల్ మీద ఉన్నవి: పసుపు నుంచి తీసే కర్క్యుమిన్, మిరియాల నుంచి తీసిన పైపరిన్, ద్రాక్ష తొక్కల్లో ఉండే రెస్వెరట్రాల్, ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సెటిన్, గ్రీన్ టీ సారం. మీరు వద్దంటే ఆయన అన్న మాట: "అన్నీ మొక్కల్లోవే కదా, నష్టమేముంది?"

జవాబు ముందే చెప్పేస్తాను. ఆ క్యాప్సూల్స్ ఈ పూట నుంచే ఆపించండి. డాక్టరు రాసిన బిళ్లలు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. కింద రాసేదంతా ఎందుకు ఆపాలో నాన్నగారికి నచ్చజెప్పడానికి మీకు పనికొస్తుందని.

నేను డాక్టర్ని కాను. పరవాడ వైపు మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. అందులో చివరి పదేళ్లూ దాదాపు మొక్కల ఎక్స్‌ట్రాక్టులే. పసుపు, గ్రీన్ టీ, అశ్వగంధ డ్రమ్ముల్లో వచ్చేవి, మేము శాంపిల్ తీసి మెషీన్‌లోకి ఎక్కించేవాళ్లం. నా తెల్లకోట్లలో ఒక్కటీ తెల్లగా మిగల్లేదు. కాబట్టి మొక్కలంటే చిన్నచూపుతో రాస్తున్నానని అనుకోకండి. అసలు నా బాధ అంతా వీటిని మందులంత గౌరవంగా ఎవరూ చూడటం లేదనే.

"మొక్కల్లోదే కదా" అన్న మాటకు నేను చూపించే మొక్క మా గేటు పక్కనే ఉంది. బిళ్ళగన్నేరు. ఎవరూ నీళ్లు పోయకపోయినా పూస్తూనే ఉంటుంది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాన్నుంచి వచ్చినవే. కణం విభజనను మధ్యలో నిలిపేసేంత బలం ఉన్న పదార్థాలవి. ఆ ఆకు నమిలితే షుగరు తగ్గుతుందని మా వీధిలో పొద్దున్నే రెండేసి ఆకులు కోసుకెళ్లేవాళ్లున్నారు, చెప్పీ చెప్పీ నేనే అలిసిపోయాను. మొక్కలో ఉందంటే మెతకది అని అర్థం కాదు. మొక్క పరిగెత్తలేదు. పురుగు వచ్చినా, బూజు పట్టినా, ఎండ మాడ్చినా నిలబడ్డ చోటనే తట్టుకోవాలి. అందుకు అది తయారుచేసుకున్న ఆయుధాలే మనం పాలీఫినాల్స్, ఆల్కలాయిడ్స్ అని పేర్లు పెట్టుకున్నవన్నీ.

ఇక కణం ముసలిదవడం అంటే ఏమిటి? ఇది ఒక్క కారణంతో జరిగే పని కాదు. 2013లో శాస్త్రవేత్తలు దీనికి తొమ్మిది లక్షణాలు లెక్కగట్టారు, 2023లో ఆ లెక్క పన్నెండుకు పెరిగింది. డీఎన్ఏ దెబ్బతినడం, క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్లు అరిగిపోవడం, పాడైన ప్రొటీన్లు పేరుకుపోవడం, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నీరసించడం, ఎప్పుడూ సన్నగా రగులుతుండే వాపు, ఇలా. మనిషి కణాలను గాజు పాత్రలో పెంచితే సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లోనే హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త చూపించాడు. అలా ఆగిపోయిన కణాల్లో కొన్ని చావవు, పోవు. పక్క కణాలను పాడుచేసే రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. పత్రికలవాళ్లు వీటికి జాంబీ కణాలని పేరు పెట్టారు. ఒకే క్యాప్సూల్ ఈ పన్నెండింటినీ సరిచేస్తుందని ఎవరైనా అంటే, వాళ్లు చదివింది బ్రోచర్ మాత్రమే.

ఇప్పుడు యాంటీఆక్సిడెంట్ అన్న మాట దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్లుగా అమ్మకాలన్నీ దీని మీదే నడిచాయి. కణంలో తుప్పు పడుతుంది, యాంటీఆక్సిడెంట్ ఆ తుప్పును ఆపుతుంది అని లెక్క. వినడానికి బాగుంటుంది. కానీ ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి చూస్తే, 1994లో వచ్చిన ఫలితం ఏమిటంటే, బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. తగ్గడం కాదు, పెరగడం. క్యారెట్ తిన్నవాళ్లకు మేలు జరుగుతున్నట్టు కనిపిస్తోంది, దాంట్లో ఉన్నదే తీసి బిళ్ల చేసి ఇస్తే హాని జరిగింది. 2009లో ఇంకోటి వచ్చింది. వ్యాయామం చేసే కుర్రాళ్లకు విటమిన్ సి, ఇ బిళ్లలు ఇస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగుదల రాకుండా పోయింది. అంటే ఆ కాస్త తుప్పు కూడా కణానికి ఒక కబురే. దాన్ని తుడిచేస్తే కబురు అందదు.

మరి మొక్కల పదార్థాలు చేసే మేలు ఏమిటి? నాకు బాగా నచ్చిన వివరణ మన పోర్టు గురించి ఆలోచిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. తుఫాను రావచ్చు, రాకపోవచ్చు. కానీ మత్స్యకారులు పడవలు పైకి లాగేస్తారు. హుద్‌హుద్ చూసినవాళ్లమైతే బిందెలు నింపుకుంటాం, ఇన్వర్టరు చూసుకుంటాం. మొక్కల పదార్థాల్లో చాలావరకు మన కణాలకు ఆ మూడో నంబరు జెండా లాంటివి. వీటిని కణం కాస్త విషంగానే గుర్తిస్తుంది. కణంలో కీప్1 అనే ప్రొటీన్ ఒకటి కాపలా కాస్తూ, ఎన్ఆర్ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుని ఉంచుతుంది. ఈ ఘాటు పదార్థం వచ్చి కీప్1కు అతుక్కుంటే ఎన్ఆర్ఎఫ్2 విడుదలై కేంద్రకంలోకి వెళ్లి, విషాలు విరిచే ఎంజైములన్నిటినీ తయారుచేయిస్తుంది. రక్షణ మొక్క ఇవ్వడం లేదు, మన కణమే చేసుకుంటోంది. దీన్నే హార్మెసిస్ అంటారు. ఇందులోనే మోతాదు సంగతి కూడా ఉంది: మూడో నంబరు జెండా మేలు చేస్తుంది, రోజూ పదో నంబరు ఎగరేస్తే ఊరు ఊరుగా ఉండదు.

ఈ పని కళ్లముందు చూడాలంటే ఇవాళ వంటింట్లో ఒక చెంచా ఆవాలు పొడి కొట్టండి. పొడిగా వాసన చూడండి, పెద్దగా ఏమీ ఉండదు. రెండు చెంచాల చన్నీళ్లు పోసి కలిపి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. ఆవగింజలో ఒక గదిలో సినిగ్రిన్, ఇంకో గదిలో మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఉంటాయి. గింజ నలిగి నీళ్లు తగిలేదాకా రెండూ కలవవు. కలిశాక పుట్టేదే ఆ ఘాటు, ఐసోథయోసయనేట్. పురుగు కొరికితే దాని నోట్లో పేలాలని మొక్క పెట్టుకున్న బాంబు అది. బ్రకోలిలోని సల్ఫోరాఫేన్ కూడా ఇదే కుటుంబం, ఎన్ఆర్ఎఫ్2ను లేపడంలో దానిదే పెద్ద పేరు. ఇబ్బంది ఏమిటంటే బ్రకోలిని ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉడికిన బ్రకోలి మీద కొంచెం ఆవపొడి చల్లి తింటే ఒంటికి పట్టే సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా పెరిగిందని మనుషుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. మన అమ్మమ్మలు పనసపొట్టు కూరలో, అరటికాయ కూరలో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి దించాకే కలిపేవారు కదా. వేడిలో కలిపితే ఘాటు పోయి చేదు వస్తుందని వాళ్ల లెక్క. ఎంజైమ్ పేరు తెలియకపోయినా పని తెలుసు. తాలింపులో చిటపటమన్న ఆవాలకు ఈ గుణం ఉండదు, అది రుచికే.

ఇక సీసాలో ఉన్నవి ఒక్కొక్కటీ. పసుపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా చివరి పదేళ్ల ఉద్యోగంలో సగం దాంతోనే గడిచింది.

పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. టీస్పూన్ పసుపు మూడు గ్రాములనుకుంటే దాంట్లో 90 మిల్లీగ్రాములు. కూరలో మనం వేసేది చిటికెడు. మీరు రాసిన లేబుల్ ప్రకారం ఒక క్యాప్సూల్‌లో 95 శాతం ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు, అంటే కర్క్యుమిన్ 475. ఒక్క క్యాప్సూల్ అంటే ఐదు టీస్పూన్ల పైచిలుకు పసుపు. రోజుకు రెండు కాబట్టి పది టీస్పూన్లు. ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి నడిపే నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. నాన్నగారు 65 కిలోలనుకుంటే 195. ఆయన తీసుకుంటున్నది దానికి ఐదు రెట్లు. "మన పూర్వీకులు పసుపు తినలేదా" అంటే తిన్నారు. పది చెంచాలు తినలేదు.

ఇన్ని మింగినా ఒంటికి పట్టేది చాలా తక్కువ. నీళ్లలో కరగదు, పట్టిన కాస్తనూ కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. పైగా ఇది నిలకడ లేని పదార్థం. పారాణి చేసేటప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది చూడండి, అది క్షారం తగిలి కర్క్యుమిన్ రూపు మారడమే, ఆ తర్వాత అది విరిగిపోతుంది. మన రక్తానికి ఉండే స్వల్ప క్షారగుణంలో, ప్రొటీన్లు లేని ద్రావణంలో పెడితే అరగంటలో తొంభై శాతం పోతుంది. ల్యాబుల్లో కర్క్యుమిన్ ప్రతి పరీక్షలోనూ పనిచేసినట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం: అది కనబడిన ప్రతి ప్రొటీన్‌కూ అతుక్కుంటుంది, తనంతట తానే మెరుస్తుంది, పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. 2017లో రసాయన శాస్త్రవేత్తలు కొందరు దీని మీద పెద్ద సమీక్షే రాశారు. కీళ్లనొప్పులకు కొంత ఉపశమనం ఇస్తుందని చిన్న ట్రయల్స్ ఉన్నాయి, కాదనను. ఆయుష్షు పెంచుతుందని మాత్రం మనుషుల్లో ఎక్కడా తేలలేదు.

ఒంటికి పట్టకపోవడాన్ని దాటడానికే పైపరిన్ కలుపుతారు. ఇది కనిపెట్టింది మన పక్కవాళ్లే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్లు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే రక్తంలో చేరేది 2,000 శాతం పెరిగిందని చూపించారు. ప్రతి సీసా మీదా ఈ అంకె గొప్పగా ఉంటుంది. కానీ పైపరిన్ ఆ పని ఎలా చేస్తుంది? పరాయి పదార్థాలను బయటికి పంపేసే కాలేయం, పేగుల ఎంజైములను మొద్దుబారుస్తుంది. ఆ ఎంజైములు కర్క్యుమిన్‌ను ఒక్కదాన్నే చూసుకునేవి కావు. మందుల్లో చాలావాటిని విరిచేది సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్. ఆమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ రెండూ దాని చేతుల మీదుగానే పోతాయి. దాన్ని మొద్దుబారిస్తే డాక్టరు లెక్కగట్టి రాసిన మోతాదు, నాన్నగారి ఒంట్లో ఇంకో మోతాదుగా మారవచ్చు. చారులో వేసుకునే మిరియాలకు ఈ భయం అక్కర్లేదు. విడిగా తీసి రోజూ క్యాప్సూల్‌లో వేసుకునే పైపరిన్ సంగతి వేరు.

రెండో భయం కాలేయం. పట్టని పదార్థాన్ని బలవంతంగా పట్టించడం మొదలుపెట్టాక, పసుపు క్యాప్సూల్స్ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో 2019లోనూ, తర్వాత అమెరికాలోనూ నమోదయ్యాయి. ఒక రకం జన్యువు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. ఇవి అరుదైనవే, కానీ మనలో ఆ అరుదైనవాళ్లు ఎవరో ముందే తెలియదు. గ్రీన్ టీ సారం కూడా ఇదే కోవ. అందులోని ముఖ్య పదార్థం ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్టు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. నాన్నగారి సీసాలో అంత లేదు, నిజమే. కానీ పక్కనే కర్క్యుమిన్, పైపరిన్, అటోర్వాస్టాటిన్ అన్నీ ఒకే కాలేయం మీద పడుతున్నాయి. కోవిడ్ టైంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచాం గుర్తుందా? 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్టు రాశారు. వాడింది అసలు తిప్పతీగేనా కాదా సరిగ్గా తేల్చలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఎవరి వాదన నెగ్గినా మనలాంటివాళ్లకు తేడా ఏముంది? కొట్లో కొన్న పొడి ఏ తీగదో మనకూ తెలియదు.

రెస్వెరట్రాల్ కథ డబ్బు కథ. 2003లో ఇది ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆయుష్షును పెంచిందన్నారు, 2006లో కొవ్వు తిండి తిని లావెక్కిన ఎలుకలు దీంతో ఎక్కువకాలం బతికాయన్నారు. 2008లో ఒక పెద్ద మందుల కంపెనీ దీని మీద పనిచేస్తున్న చిన్న కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొన్నది. 2013 వచ్చేసరికి దాన్ని మూసేసింది. ఇటలీలో కియాంతి ప్రాంతంలో 65 దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనిస్తే, మూత్రంలో రెస్వెరట్రాల్ ఎక్కువున్నవాళ్లకూ తక్కువున్నవాళ్లకూ చావులో, గుండెజబ్బులో తేడా కనిపించలేదు. మన వేరుశనగల్లో కూడా ఇది ఉంటుంది. ఉడికించిన కాయలు వంద గ్రాములు తింటే అర మిల్లీగ్రాము అటూఇటూగా వస్తుంది. కాబట్టి రెస్వెరట్రాల్ కోసం పల్లీలు తినడం వృథా. పల్లీల కోసం పల్లీలు తినండి.

క్వెర్సెటిన్‌కు ఇప్పుడు మార్కెట్ బాగా ఉంది. నేను పైన చెప్పిన జాంబీ కణాలను చంపే జోడీలో ఇది ఒకటి, 2015లో వచ్చింది. అమ్మేవాళ్లు చెప్పని సగం ఏమిటంటే, జోడీలో రెండోది డసాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు. 2019లో ఊపిరితిత్తుల జబ్బున్న 14 మందికి మొదటిసారి ఇచ్చినప్పుడు రోజుకు 1,250 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్, వారానికి మూడు రోజుల చొప్పున మూడు వారాలే ఇచ్చారు. అదీ వైద్యుల కళ్లముందు. రోజూ ఓ వంద మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఒక్కదాన్నే మింగడానికీ దానికీ పోలికే లేదు.

ఎలుకల దగ్గర ఇంకో మాట. అమెరికాలో మూడు చోట్ల ఒకేసారి, ఒకే పద్ధతిలో ఎలుకల మీద ఆయుష్షు మందులు పరీక్షించే ప్రభుత్వ కార్యక్రమం ఒకటి ఉంది. ఒక ల్యాబులో పొరపాటున వచ్చిన ఫలితం మిగతా రెండు చోట్ల దొరికిపోతుంది. అక్కడ కర్క్యుమిన్, రెస్వెరట్రాల్, గ్రీన్ టీ సారం, స్ట్రాబెర్రీల్లో ఉండే ఫిసెటిన్ నాలుగూ ఆయుష్షు పెంచలేకపోయాయి. గెలిచినవాటిలో రాపమైసిన్ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చింది, అకార్బోజ్ షుగరు బిళ్ల. నాన్నగారి సీసాలో ఉన్నవాటిలో మూడు ఈ ఓడిపోయిన జాబితాలోనే ఉన్నాయి.

అన్నీ బూటకమని కాదు. నేను ఆసక్తిగా చూస్తున్నవి రెండున్నాయి. ఒకటి యురోలిథిన్ ఎ. ఇది మొక్కలో ఉండదు. దానిమ్మలోని ఎల్లాజిటానిన్లనే పదార్థాలను మన పేగుల్లోని బ్యాక్టీరియా విరిచి దీన్ని తయారుచేస్తుంది. కణం తనలోని పాడైన మైటోకాండ్రియాను ఏరి పారేయడానికి ఇది సాయపడుతుంది. మైటోకాండ్రియా తయారుచేసే శక్తి ఏటీపీ. దాన్ని 1929లో కనిపెట్టినవాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, ఈ సంగతి చెప్పే అవకాశం వస్తే నేను వదలను. 2022లో పెద్దవయసువాళ్ల మీద చేసిన ట్రయల్‌లో యురోలిథిన్ కండరాల ఓపిక పెంచింది, ఆరు నిమిషాల నడకలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తిరకాసు ఏమిటంటే, దానిమ్మ తిన్నవాళ్లలో సుమారు నలభై శాతం మందికే దీన్ని చేసుకునే బ్యాక్టీరియా ఉంటుంది. రెండోది స్పెర్మిడిన్. సోయా, బఠాణీ, గోధుమ మొలక భాగం, పుట్టగొడుగుల్లో ఉంటుంది, కణం తన చెత్తను తానే తినేసే ఆటోఫేజీని లేపుతుంది. ఈస్ట్, ఈగలు, పురుగుల ఆయుష్షు పెంచింది. వంద మంది పెద్దవాళ్లకు ఏడాది ఇస్తే జ్ఞాపకశక్తిలో తేడా రాలేదు. రెండిటికీ ఇంకా టైం పడుతుంది.

నాన్నగారి విషయంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది స్టెంట్. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఇప్పటికే రక్తం గడ్డకట్టకుండా ఆపుతున్నాయి. ఎక్కువ మోతాదు కర్క్యుమిన్, రెస్వెరట్రాల్, క్వెర్సెటిన్ మూడింటికీ అటువైపు మొగ్గు ఉంది. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, కంటి శుక్లం ఆపరేషన్ అయినా, డాక్టరు అడిగితే ఆయన చెప్పేది బిళ్లల పేర్లే. "మొక్కలది" కాబట్టి క్యాప్సూల్ లెక్కలోకి రాదు. మావాళ్లలో ఒకాయనకు సరిగ్గా ఇదే జరిగింది. పన్ను తీశాక రాత్రంతా నెత్తురు ఆగక మళ్లీ క్లినిక్‌కు పరిగెత్తారు. ఇంటికొచ్చాక గానీ వాళ్లావిడ "పసుపు బిళ్లలు కూడా వేసుకుంటున్నారు కదా" అనలేదు.

సీసా సంగతి. లేబుల్ మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, "మందుగా వాడేందుకు కాదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఉన్నాయేమో చూడండి. ఉంటే చట్టప్రకారం అది ఆహార పదార్థం, మందు కాదు. అమ్మినాయన అది చూపించి ఉండడు. లైసెన్స్ ఉన్నంత మాత్రాన లోపల రాసిందే ఉందని కూడా కాదు. అసలు పసుపు సారాన్ని, అందులోని పదార్థాలను విడదీసి గ్రాఫు గీసే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌లో పెడితే మూడు శిఖరాలు వస్తాయి: పెద్దది కర్క్యుమిన్, పక్కన దాని తమ్ముళ్లలా రెండు చిన్నవి. ఒకసారి ఒక సరఫరాదారు శాంపిల్ పెడితే ఒకే ఒక్క శిఖరం, సూదిలా, అందంగా వచ్చింది. మా కుర్రాడు "సార్, ఎంత ప్యూరో చూడండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అంత స్వచ్ఛంగా పసుపు మొక్క ఎప్పుడూ ఇవ్వదు, అది ఫ్యాక్టరీలో రసాయనాలతో కట్టిన కర్క్యుమిన్. డ్రమ్ము మీద మాత్రం "సహజం" అనే ఉంది. సరుకు తిప్పి పంపాం, అది ఇంకెవరి సీసాల్లోకి వెళ్లిందో తెలియదు.

నెలకు 4,200 ఖర్చు పెట్టే ఓపిక ఉంటే దాంట్లో నాలుగో వంతుతో నేనేం కొంటానో చెబుతాను. పాడేరు పసుపు కొమ్ములు. పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయి, అరకు వైపు వెళ్లేవాళ్లుంటే సంతలో తెప్పించండి. మరీ పచ్చగా నిగనిగలాడే కొమ్ములు వద్దు, రంగు కొట్టినవి కావచ్చు. పసుపులో సీసం ఉన్న రంగు కలపడం మన దేశంలో ఉన్న రోగమే. కొమ్ము విరిస్తే లోపల ముదురు నారింజ రంగు ఉండాలి, గోటితో గీస్తే మరక పడాలి. మర పట్టించుకుని నూనెలో వేగే కూరలో వేసుకోండి. కర్క్యుమిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి మన వంట పద్ధతే దానికి సరిపోతుంది. మిరియాలు కూడా అరకువే, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించినవి.

రైతుబజార్లో ఎర్ర ఉల్లిపాయలు, క్యాబేజీ, ముల్లంగి, మునగాకు. మునగాకు ఒక్క ఆషాఢంలోనే ఎందుకు, దొరికిన వారమల్లా పప్పులో వేయండి, క్వెర్సెటిన్ కావాలన్నా అందులో బాగానే ఉంటుంది. ఉల్లిపాయ ఒలిచేటప్పుడు పై పొరలు రెండు మూడు తీసి పారేస్తాం, క్వెర్సెటిన్ ఎక్కువగా ఉండేది అక్కడే, ఎండిన పొట్టు వరకే తీయండి. కార్తీకం నుంచి ఉసిరికాయలు. గుప్పెడు పల్లీలో, బాదమో. గింజలు, ఆలివ్ నూనెతో కూడిన భోజనం గుండెజబ్బులను తగ్గిస్తుందని స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా మనుషుల మీద చేసిన ట్రయల్ ఉంది. ఏ క్యాప్సూల్‌కూ అలాంటి రుజువు లేదు. కాఫీ మానమని ఎవరైనా అంటే వినొద్దు, రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లకు మరణాలు తక్కువగానే కనిపిస్తున్నాయి, చక్కెర మాత్రం తీసేయండి.

చోళ్ల (రాగుల) విషయంలో ఒక జాగ్రత్త. బీచ్ రోడ్డులో పొద్దున వాకింగ్ అవగానే అంబలి గ్లాసులు ఎత్తేవాళ్లలో సగం మంది షుగరు పేషెంట్లే. చోడిగింజ పైపొరలో పాలీఫినాల్స్ ఉన్న మాట నిజం. కానీ మెత్తటి పిండిని పలచగా కాచి తాగితే షుగరు గబుక్కున లేస్తుంది. నాన్నగారికి అంబలి బదులు చోడిపిండి రొట్టె, పక్కన ఏదైనా ఆకుకూర పప్పు పెట్టండి. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటరుతో ఒకసారి చూస్తే ఆయనకే తెలుస్తుంది.

మొక్కల మీద అంత నమ్మకమున్న నాన్నగారికి ఇంకో సంగతి చెప్పండి. ఆయన రోజూ విసుక్కుంటూ వేసుకునే మెట్‌ఫార్మిన్ పుట్టిందీ మొక్క నుంచే. యూరప్‌లో గలేగా అనే మొక్కను అతిమూత్రానికి వాడేవారు. దాంట్లోని గలెజిన్ షుగరు తగ్గిస్తుంది గానీ విషం. దాన్ని పోలిన, విషం తక్కువైన పదార్థంగా మెట్‌ఫార్మిన్‌ను 1922లో తయారుచేశారు, 1957 నుంచి మనుషులకు ఇస్తున్నారు. వయసు మీద పడే జబ్బులను వెనక్కి నెడుతుందా అని అమెరికాలో మూడు వేల మంది మీద ట్రయల్ చేయాలని ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు, పేటెంట్ లేని చవక బిళ్ల కాబట్టి డబ్బు పెట్టేవాళ్లే కరువు. షుగరు లేనివాళ్లు దీన్ని వేసుకోవాలని నేననను. నాన్నగారు మాత్రం ఆయన వెతుకుతున్న "మొక్కల మందు"ను ఇప్పటికే వేసుకుంటున్నారు.

ఇప్పుడు చేయాల్సిన పని. క్యాప్సూల్స్ ఆపి, ఈ వారంలోనే లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించండి. నెలన్నర వాడారు కాబట్టి ఒకసారి చూడటం మంచిది. అందులో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటితే వెంటనే డాక్టరుకు చూపించండి. మూత్రం ముదురు పసుపుగా వస్తున్నా, కళ్లు పచ్చబడినా, ఒళ్లు దురద పెడుతున్నా, అన్నం సహించకపోయినా రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చిగుళ్ల నుంచి నెత్తురు రావడం, ఒంటి మీద కారణం లేకుండా నల్లటి మచ్చలు కనిపించడం, మలం నల్లగా రావడం కూడా అడిగి తెలుసుకోండి, ఇలాంటివి మగవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు. బీపీ వారం రోజులు పొద్దునా సాయంత్రం రాసిపెట్టండి, క్యాప్సూల్ ఆగాక ఆమ్లోడిపిన్ ప్రభావం కాస్త మారవచ్చు. కోపంతో సీసా మాత్రం పారేయకండి. తర్వాతిసారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల కవర్లోనే పెట్టి తీసుకెళ్లి, లేబుల్ ఆయనకే చూపించండి.